ఇంటి ముందు అయిదడుగులు: లెక్క ఎక్కడ తప్పుతోంది?

హైదరాబాద్ శివార్లలో సొంతిల్లు కట్టుకునే మధ్యతరగతి మనిషికి, అది బాచుపల్లి కానీ బడంగ్‌పేట కానీ, చేతికి చిక్కేది సాధారణంగా 200 గజాల ప్లాటు. వెడల్పు 30 అడుగులు, లోతు 60 అడుగులు. మొత్తం 1,800 చదరపు అడుగులు, మీటర్లలో చెప్పాలంటే 167 చదరపు మీటర్లు. ఈ సైజు ప్లాటులో, చిన్న రోడ్ల మీద, ముందువైపు కనీసం 1.5 మీటర్లు ఖాళీ వదలాలని 2012 నాటి జీవో 168 చెప్పింది. అంటే అయిదడుగులు. చాలామంది సరిగ్గా ఆ అయిదే వదులుతారు, ఆరో అడుగు వదిలేవాళ్లు అరుదు. 30 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, వెరసి 150 చదరపు అడుగులు. కొన్న నేలలో పన్నెండో వంతు.

అందులోంచి కారు గేటుకు 10 అడుగులు, మనుషుల గేటుకు మూడున్నర తీసేయండి. సంపు పైకప్పుకు ఇంకో 6 అడుగులు పోతాయి. మిగిలింది పదిన్నర అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. గుండుగుత్తగా 50 చదరపు అడుగులు. డబుల్‌కాట్ మంచం కన్నా కాస్త పెద్దది, అంతే. కోటి పెట్టి కట్టినా, కోటిన్నర పెట్టినా, ఆ ఇంట్లో మట్టి కనిపించే అవకాశం ఉన్న చోటు అదొక్కటే. విల్లాల వాళ్లకు ఇంతకు పదింతలు ఉంటుంది. పొరపాట్లు మాత్రం అవే, కాకపోతే పదింతలు పెద్దవి.

ఏ పువ్వు అందం, ఏ కుండీకి ఏ రంగు అనేవి ఎవరిష్టం వాళ్లవి. వాటి జోలికి పోవడం లేదు. ఇక్కడ చెప్పేవన్నీ టేపు పట్టి కొలవగలిగినవి, కాగితం మీద గుణించి చూడగలిగినవి. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తుంటే ఆ కాగితం తీసే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టే తప్పులు జరుగుతున్నాయి.

గంటకు ఏడున్నర వేల లీటర్లు

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతా లెక్కంతా ఎవరైనా వేసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఏడాది వర్షపాతం సగటున 800 మిల్లీమీటర్లు. 167 చదరపు మీటర్ల ప్లాటు మీద ఏటా పడే నీళ్లు 1,33,600 లీటర్లు. జలమండలి 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది కదా, ఆ లెక్కన ఇవి ఆరున్నర నెలల నీళ్లు. అడక్కుండా, మీటరు తిరక్కుండా ఇంటి మీద పడి పోతున్నాయి.

ఎలా పోతున్నాయో చూద్దాం. గట్టి వాన, గంటలో 50 మిల్లీమీటర్లు పడిందనుకోండి. మన ప్లాటు మీద పడేది 8,350 లీటర్లు. సిమెంటు నేల మీద, స్లాబు మీద పడ్డ నీటిలో 80 నుంచి 95 శాతం అలాగే జారిపోతుంది. మధ్యలో 90 శాతం వేసుకున్నా ఏడున్నర వేల లీటర్లు గేటు కింద నుంచి వీధిలోకి వస్తాయి. అటు 20, ఇటు 20 ఇళ్లున్న వీధిలో ఆ గంటకు చేరేది 3 లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 60. ఏప్రిల్‌లో ఇదే వీధి వాళ్లు ఇవే ట్యాంకర్ల కోసం ఫోన్లు చేస్తూ కూర్చుంటారు. 2020 అక్టోబరు 13 నాటి వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లు కురిసింది. 200 గజాల ప్లాటు ఒక్కోదాని మీద దాదాపు 32 వేల లీటర్లు పడినట్టు.

అయితే "కాస్త మట్టి వదిలితే నీళ్లన్నీ ఇంకిపోతాయి" అనే మాట కూడా లెక్కకు నిలవదు. మామూలు ఎర్రనేల గంటకు ఓ 25 మిల్లీమీటర్లు తాగుతుందనుకుందాం. మన 50 చదరపు అడుగులంటే నాలుగున్నర చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. గంటకు ఇంకేది 115 లీటర్లు. ఏడున్నర వేల ముందు అది ఏ మూలకు?

అసలు పొరపాటు మట్టి వదలకపోవడం ఒక్కటే కాదు. వదిలిన మట్టిని ఎత్తున పెట్టడం. ఏ వీధిలోనైనా చూడండి, మొక్కల మడి చుట్టూ ఇటుకలతో అరడుగు గట్టు కట్టి, టైళ్ల కన్నా ఎత్తుగా మట్టి నింపి ఉంటుంది. వాన పడితే ఆ మట్టి కొట్టుకొచ్చి టైళ్ల మీద పారుతుంది. టైళ్ల నీళ్లు మడిలోకి ఎక్కలేక గేటు వైపు పరిగెడతాయి. మట్టి వదలమని అడిగినప్పుడు మేస్త్రీ అనే మాట అందరికీ తెలిసిందే: "వద్దు సార్, మట్టి ఇడిస్తే బురదైతది. టైల్స్ ఏస్కుంటే నీటుగుంటది." ఆయన చూసిన మడులన్నీ ఎత్తైనవే కాబట్టి ఆయన దృష్టిలో అది నిజమే. అదే మడిని టైళ్ల కన్నా అరడుగు పల్లంగా పెడితే బురద మడిలోనే ఉంటుంది. పైగా ఆ అరడుగు పల్లంలో దాదాపు 700 లీటర్ల నీళ్లు నిలబడి మెల్లగా ఇంకుతాయి. అటు వైపు వాలు కూడా పెద్దగా అక్కర్లేదు. అయిదడుగులకు ఒక అంగుళం చాలు. టైళ్లు పరిచే రోజు దారం పట్టే ముందు చెప్పాల్సిన మాట ఇది, పరిచాక చెబితే ఎవరూ వినరు.

ఇంకుడు గుంతలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. మూడడుగుల వ్యాసం ఉన్న సిమెంటు ఒరలు దించి ఎనిమిది అడుగుల లోతు గుంత తీస్తే అందులో 1,600 లీటర్లు పడతాయి. కానీ మనవాళ్లు దాన్ని నిండా కంకరతో నింపేస్తారు. కంకర రాళ్ల మధ్య ఖాళీ 40 శాతమే. అంటే 1,600 పట్టాల్సిన చోట 640. డబ్బు పెట్టి గుంత తవ్వించి, మళ్లీ డబ్బు పెట్టి అందులో సగానికి పైగా పూడ్చుకున్నట్టు. అడుగున ఒకటిన్నర అడుగు కంకర, ఆపైన ఖాళీ, మీద తీసి శుభ్రం చేసుకోగలిగే మూత ఉంటే చాలు. మేడ మీది పైపు నేరుగా గుంతలో దించకుండా మధ్యలో ఒక చిన్న తొట్టిలో మట్టీ ఆకులూ ఆగేలా చూసుకోవాలి. గుంత ప్రహరీకీ పునాదికీ మధ్యలో, సంపుకూ సెప్టిక్ ట్యాంకుకూ వీలైనంత ఎడంగా ఉండాలి.

పల్లపు మడి 700, అడుగున మాత్రమే కంకర ఉన్న గుంత 1,400 కలిస్తే 2,100 లీటర్లు. గంటకు వచ్చే ఏడున్నర వేలలో నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ. వరద ఆగదు, కానీ 40 ఇళ్లూ చేస్తే 60 ట్యాంకర్లలో దాదాపు 17 వీధిలోకి రావు. గుంతలు బాగుచేసే తీరిక లేనివాళ్లు కారు దారి దగ్గరైనా ఆలోచించవచ్చు. కారు టైర్లు తిరిగేది రెండు చాళ్ల మీదే. పదడుగుల వెడల్పంతా కాంక్రీటు పోసే బదులు రెండడుగుల పట్టీలు రెండు పోస్తే, 50 చదరపు అడుగుల్లో 30 మట్టిగానో గడ్డిగానో మిగులుతుంది. వదిలిన మడికి మరో సగం పైనే కలిసొచ్చినట్టు. పైసా అదనపు ఖర్చు లేదు, పైగా సిమెంటు మిగులుతుంది.

ఇక్కడే ఇంకో మాట. సంపు మూత టైళ్ల మట్టానికి సమంగా పెట్టే అలవాటొకటి ఉంది. చూడ్డానికి నున్నగా ఉంటుంది. కారు టైరు మట్టి, కుక్కలు పాడుచేసింది, చీపురు నీళ్లు అన్నీ వానతో కలిసి తాగే నీళ్లలోకి దిగడానికి అంతకన్నా సులువైన దారి లేదు. మూత చుట్టూ అరడుగు ఎత్తు అంచు కట్టించుకోండి, కాలికి తగిలినా ఫర్వాలేదు.

ర్యాంపు ఎందుకు రోడ్డెక్కింది?

రోడ్డు మీద నుంచి రెండడుగుల ఎత్తులో కారు నిలిపే చోటు పెట్టుకున్నారనుకుందాం. కారు అడుగు తగలకుండా ఎక్కాలంటే కనీసం ఎనిమిదికి ఒకటి వాలు కావాలి. రెండడుగుల ఎత్తుకు 16 అడుగుల పొడవు. గేటు లోపల ఉన్నది అయిదు. మిగతా 11 అడుగులు ఎక్కడి నుంచి వస్తాయి? అంత తీసుకునే ధైర్యం లేక, నిటారుగా నాలుగైదు అడుగుల ర్యాంపు రోడ్డు మీదకు దింపుతారు. ఎదురింటాయనా అదే చేస్తాడు. 30 అడుగుల రోడ్డులో 10 అడుగులు ర్యాంపుల కింద పోతుంది. కింద మురుగు కాలువ మూసుకుపోతుంది. ఆ పైన చలానాలు, కార్పొరేటర్ దగ్గర పంచాయితీలు.

ఇల్లు ఎత్తు పెట్టుకోవద్దని ఎవరూ అనరు. రోడ్డు మీద తారు వేసిన ప్రతిసారీ పాతది గీకకుండా పైనే పరిస్తే నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది. మూడుసార్లకు అరడుగు. ఆ భయం న్యాయమైనదే. అయితే ఎత్తు పెంచాల్సింది మనుషులుండే గదులకు, కారుకు కాదు. కారు నిలిపే చోటును రోడ్డుకు ఒక్క అడుగు ఎత్తులో ఆపితే ఎనిమిది అడుగుల వాలు చాలు. అయిదు గేటు లోపల, మిగతా మూడు పోర్టికోలో కలిసిపోతాయి. ఇది ప్లాన్ గీసేటప్పుడే తేలాల్సిన విషయం. పునాది లేచాక చేసేదేమీ లేదు.

చెట్టు పెరిగాక ఎంత ఉంటుంది?

నర్సరీలో మొక్క కొనేటప్పుడు అందరూ ధర అడుగుతారు, పూలు ఎప్పుడు పూస్తాయని అడుగుతారు. పెద్దయ్యాక ఎంత వెడల్పవుతుందని అడిగేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరేమో.

కొబ్బరి సంగతే తీసుకోండి. ఒక్కో మట్ట అయిదు మీటర్ల దాకా ఉంటుంది. చెట్టు తల వెడల్పు ఎనిమిది మీటర్లు, అంటే 26 అడుగులు. మన ప్లాటు మొత్తం వెడల్పే 30. కోనసీమ రైతు ఎవరైనా చెట్టుకూ చెట్టుకూ మధ్య ఏడున్నర మీటర్లు వదులుతాడు. మనం ప్రహరీకి అడుగున్నర దూరంలో, కరెంటు తీగల కింద నాటుతాం. యాభై అడుగుల ఎత్తు నుంచి రాలిన కాయ నేలను చేరేసరికి దాని వేగం గంటకు 60 కిలోమీటర్లు. కింద నిలిపిన కారు అద్దానికి అది చాలు. మనిషి తల సంగతి చెప్పక్కర్లేదు.

వేప, బాదం, రావి కూడా అంతే. వేప తల ముప్ఫై నలభై అడుగులు పరుచుకుంటుంది. మంచి చెట్టే, ఆవరణలో ఉండాల్సిన చెట్టే. కానీ అయిదడుగుల సందులో కాదు. రావి, జువ్వి లాంటివి పిట్టలు వేస్తే వాటంతటవే మొలుస్తాయి, ముచ్చటపడి ఉంచేస్తారు. పదేళ్ల తర్వాత సంపు గోడకు చీలిక కనబడ్డప్పుడు తెలుస్తుంది వేర్లు నీళ్లను వెతుక్కుంటూ ఎటు వెళ్లాయో. తీరా కొట్టేద్దామంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఇరవై రూపాయల మొక్కను తప్పు చోట నాటితే, అది పెద్దయ్యాక దరఖాస్తు, ఫీజు, చెట్టు కోసేవాళ్ల కూలి కలిసి వేలల్లోకి వెళుతుంది.

త్వరగా పెరిగేవి ఇంకో ఉచ్చు. కోనోకార్పస్ దానికి పెద్ద ఉదాహరణ. నీళ్లు పోసినా పోయకపోయినా ఏపుగా, పచ్చటి గోడలా లేస్తుంది. తెలంగాణలో హరితహారం పేరుతో ప్రభుత్వం మొక్కలు నాటించిన రోజుల్లో రోడ్ల వెంట విరివిగా నాటారు. తర్వాత ప్రభుత్వమే వద్దంది. గుజరాత్ 2023లో నిషేధించింది. పుప్పొడితో అలర్జీలు, వేర్లతో పైపులకు దెబ్బ అనేవి దాని మీద ఉన్న ఫిర్యాదులు. విశాఖపట్నం వాళ్లకు ఏడాకుల చెట్టుతో ఇలాంటి అనుభవమే ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఊళ్లో చెట్లను ఊడ్చేశాక, నీడ త్వరగా రావాలని వాటిని వీధి వీధినా నాటారు. అవి ఎదిగి, చలి మొదలయ్యే రోజుల్లో గుత్తులు గుత్తులుగా పూసేసరికి ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం అంటూ జనం గోల పెట్టారు. అడవిలో ఆ చెట్టుకు ఏ వంకా లేదు. పడకగది కిటికీకి నాలుగడుగుల దూరంలో ఉండటమే ఇబ్బంది.

నిజాంపేట వైపు ఒక వీధిలో వేప చెట్టొకటి ఉంది, ప్రహరీకి లోపలి పక్క. బూడిద రంగు పార్కింగ్ టైళ్లను గుండ్రంగా కోసి, మానును ఆనుకునేదాకా పరిచారు. ఎంత నేర్పుగా కోశారంటే వేలు దూరే సందు కూడా లేదు. ఇప్పుడు ఆ మాను లావెక్కి, బెరడు టైలు అంచు మీదకు పెదవిలా మడత పడింది. ఇంటి వైపున్న రెండు టైళ్లు రెండు వేళ్ల ఎత్తు లేచాయి. వాటి కింద చీమల బారు. వీధి వైపు మాత్రం టైళ్లు కొత్తవి. లేచినప్పుడు తీసి, అడ్డొచ్చిన వేరు గొడ్డలితో నరికి, మళ్లీ పరిచారట. చెట్టును ఒక వైపు పట్టి ఉంచిన వేరే అది. మేలో ఈదురు గాలి వచ్చినప్పుడు ఆ చెట్టు ఎటు ఒరుగుతుందో ఊహించడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఆదేశించింది. మానుకు నాలుగు వైపులా మీటరు వదలడమంటే మన అయిదడుగుల వెడల్పూ దానికే చాలదు. అందుకే అసలు అక్కడ వేప తగదు.

మరి ఏం తగుతుంది? పెరిగాక ఆరేడు అడుగుల్లో ఇమిడేవి, కత్తిరిస్తే మాట వినేవి. నందివర్ధనం, మందారం, కరివేపాకు, నిమ్మ, దానిమ్మ. పారిజాతం ఇంకాస్త పెద్దదవుతుంది కానీ ఏటా పూలయ్యాక కొమ్మలు కొడితే అదుపులో ఉంటుంది. నీడే కావాలంటే గేటు మీద ఇనుప పందిరి కట్టి సన్నజాజో కాగితం పువ్వో ఎక్కించడం మేలు. తీగకు నేల మీద ఒక అడుగు చోటు చాలు, పైన వంద చదరపు అడుగుల నీడ ఇస్తుంది. పచ్చగన్నేరు మాత్రం పిల్లలున్న ఇంటి ముందు వద్దు. దాని గింజలు గుండెను దెబ్బతీసే విషం. మామూలు గన్నేరు కూడా విషమే.

ఉత్తరం ముఖం, నీడ లెక్క

మనవాళ్లు ముఖం చూసి ప్లాటు కొంటారు. తూర్పు, లేదంటే ఉత్తరం. ఆ రెండింటికీ గజానికి ధర కూడా ఎక్కువే. ఉత్తరం ముఖం ఇంటి ముందు జాగాకు వాస్తు బాగున్నా ఎండ బాగుండదన్న సంగతి మొక్కలు చచ్చాక తెలుస్తుంది.

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ముప్ఫై అడుగుల ఎత్తున్న ఇంటి నీడ ఉత్తరం వైపు 26 అడుగులు పడుతుంది. మన ముందు జాగా అయిదడుగులు. అంటే ఆ నీడ గేటు దాటి రోడ్డులో సగానికి పైగా కప్పేస్తుంది. సరే, అది చలికాలం. రాత్రీ పగలూ సమానమయ్యే మార్చి 21న కూడా నీడ తొమ్మిదడుగులు. మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, ఆపైన కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ దక్షిణానికి దాటుతాడు. ఆ మూడు నెలలే ఉత్తరం ముఖం జాగాలో మధ్యాహ్నపు ఎండ. మిగతా తొమ్మిది నెలలూ గోడ నీడే.

అక్కడ గులాబీ పెట్టి పూయలేదని మందులు కొట్టడం, కార్పెట్ గడ్డి పరిచి పసుపెక్కిందని మళ్లీ పరిపించడం చూస్తుంటాం. గులాబీకైనా గడ్డికైనా రోజుకు అయిదారు గంటల ఎండ లేనిదే జరగదు. ఉత్తరం ముఖం వాళ్లకు తమలపాకు తీగ బంగారంలా వస్తుంది, దానికి నీడే ఇష్టం. ఫెర్నులు, మనీప్లాంట్, డ్రసీనా, అరలియా సరిపోతాయి. తూర్పు ముఖానికి పొద్దుటి ఎండ పదకొండు దాకా ఉంటుంది, పూల మొక్కలకు అంతకన్నా మంచిది లేదు.

పడమర ముఖాన్ని ఎవరూ కోరుకోరు. కానీ మొక్కతో నిజంగా లాభం కనబడేది అక్కడే. మే నెలలో మూడింటి నుంచి ఆరింటి దాకా గోడను కాల్చే ఎండ అది. ఆ గోడకు పందిరి తీగ అడ్డుపెడితే రాత్రి పడకగదిలో తేడా తెలుస్తుంది. విచిత్రంగా పడమర ముఖం వాళ్లే ఎక్కువగా మొక్కలు మానేసి నల్ల గ్రానైటు పరుస్తారు. గాలి 42 డిగ్రీలున్న మధ్యాహ్నం ముదురు రంగు రాయి 60 దాటుతుంది. చెప్పుల్లేకుండా గేటు దాకా వెళ్లి చూడండి.

పచ్చిక ఖరీదు

ఈ మధ్య ప్రతి విల్లా బ్రోచర్‌లోనూ ఇంటి ముందు పచ్చిక ఉంటుంది. 1,000 చదరపు అడుగుల పచ్చిక, అంటే 93 చదరపు మీటర్లు. వేసవిలో దానికి చదరపు మీటరుకు రోజుకు అయిదారు లీటర్లు పోయాలి. తక్కువలో తక్కువ రోజుకు 465 లీటర్లు, నెలకు దాదాపు 14 వేలు. నలుగురున్న ఇంటికి జలమండలి ఉచితంగా ఇచ్చే 20 వేలలో 70 శాతం ఒక్క గడ్డి తాగుతుంది. దాని మీద ఎవరూ నడవరు కూడా, పాడైపోతుందని.

ఈ అలవాటు అమెరికా శివారు ఇళ్ల నుంచి వచ్చింది. డాలస్ దగ్గర ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లున్న మన బంధువులకు పచ్చిక పెంచడం సరదా కాదు, కాలనీ సంఘం పెట్టిన నిబంధన. గడ్డి ఎండితే నోటీసొస్తుంది. ఆ టెక్సస్‌లోనే 2013లో చట్టం చేసి, తక్కువ నీళ్లతో బతికే మొక్కలు పెట్టుకుంటామనే వాళ్లను సంఘాలు అడ్డుకోకూడదన్నారు. నెవాడా రాష్ట్రం ఇంకా ముందుకెళ్లింది. లాస్‌వెగాస్‌లో ఏడాదికి వాన పదే సెంటీమీటర్లు. అక్కడి నీటి సంస్థ పచ్చిక పీకేసేవాళ్లకు చదరపు అడుగుకు ఇంతని డబ్బిస్తోంది. ఇళ్ల ముందరివి మినహాయించి, ఊరికే అలంకారానికి పెంచే పచ్చికను 2026 ఆఖరుకల్లా తీసేయాలని 2021లో చట్టమే తెచ్చారు. వాళ్లు వదిలించుకుంటున్నదాన్ని మనం ఎదురు డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం.

నీళ్ల బాధ లేదని ప్లాస్టిక్ గడ్డి పరిచేవాళ్లూ పెరిగారు. అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2002లో కొలిస్తే, పగటిపూట సగటున అసలు గడ్డి 26 డిగ్రీలుంటే ప్లాస్టిక్ గడ్డి 47 డిగ్రీలుంది. తారు రోడ్డు కన్నా ఎక్కువ. మన మే నెల ఎండకు దాన్ని వేసుకుని పిల్లలను ఆడుకోమనడం ఎలాగో ఆలోచించుకోవాలి. నేల కనబడకుండా పచ్చగా కప్పాలన్నదే కోరికైతే నీళ్లు తక్కువ అడిగే నేలతీగలు నర్సరీల్లో బోలెడున్నాయి. గడ్డే కావాలంటే మన గరికకు ఏం తక్కువ?

మట్టి, గుంత, కవరు

కొత్త ఇంటి ముందు మట్టి అనుకునేది చాలావరకు మట్టి కాదు. పైన నాలుగంగుళాల ఎర్రమట్టి, కింద ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు గడ్డలు, టైళ్ల పెంకులు, ఎండిన పెయింటు. సిమెంటు సున్నం గుణం వల్ల అందులో మొక్క ఆకులు పాలిపోతాయి. దానికి ఎంత ఎరువు వేసినా బూడిదలో పోసినట్టే. మడి ఉండాల్సిన చోట రెండడుగుల లోతు దాకా తవ్వించి ఎత్తిపోయించాలి. 50 చదరపు అడుగులకు 100 ఘనపుటడుగుల చెత్త, ఒక ట్రాక్టరు ట్రక్కు. ఇసుక, కంకర తెచ్చిన ట్రాక్టరే తిరుగు ప్రయాణంలో పట్టుకుపోతుంది, కాకపోతే పని జరుగుతున్నప్పుడే అడగాలి.

ఒక్క మొక్కకైతే రెండడుగుల గుంత చాలు, అన్ని వైపులా. దానికి ఎనిమిది ఘనపుటడుగుల మట్టి పడుతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు. నర్సరీ నల్ల కవరు చింపకుండా అలాగే పాతిపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. రెండేళ్లయినా ఎదగని మొక్కను పీకి చూస్తే వేర్లు కవరు లోపల ఉండచుట్టుకుని ఉంటాయి. పెద్ద మొక్క పెడితే తొందరగా నీడొస్తుందని ఎనిమిదడుగులవి కొనడం కూడా అంత తెలివైన పని కాదు. మూడడుగుల మొక్క కొత్త నేలలో త్వరగా నిలదొక్కుకుంటుంది. మూడు నాలుగేళ్లలో రెండింటికీ తేడా కనబడదు, ధరలో తప్ప.

గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపు నల్లరేగడి నేలల వాళ్లు పై లెక్కల్లో ఒకటి మార్చుకోవాలి. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. గోడకు ఆనుకుని నీళ్లు ఇంకించడం, పెద్ద చెట్టు పెట్టడం రెండూ పునాదికి చేటు. పల్లపు మడి, ఇంకుడు గుంత అక్కడ ప్రహరీ మూలకు, ఇంటికి వీలైనంత దూరంగా ఉండాలి. అంత చోటు లేకపోతే మేడ మీది నీళ్లు వడకట్టి సంపులోకి మళ్లించుకోవడమే నయం. కుండీల కింది పళ్లేల మాట ఏ ఊరి వాళ్లకైనా ఒకటే. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి వారానికోసారి వంపేయాలి, లేదా పళ్లేలే తీసేయాలి.

ఇప్పటికే అంతా టైళ్లతో కప్పేసిన ఇల్లయితే మొత్తం పీకక్కర్లేదు. మేడ మీది పైపు నేలకు దిగే మూల ఒకటి చూసుకోండి. అక్కడ ఒక్కడుగు టైళ్లయితే పన్నెండు తీయించండి, నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. కింది కాంక్రీటు పగలగొట్టించి, రెండడుగుల లోతు చెత్త తోడించి, మంచి మట్టి అరడుగు తక్కువగా నింపించండి. వాన పడ్డప్పుడల్లా 170 లీటర్లు నిలిచే మడి తయారవుతుంది. అందులో ఒక కరివేపాకు మొక్క, దాని మొదట్లో రెండు తమలపాకు తీగలు పడతాయి. ఒక మేస్త్రీ, ఒక కూలీ ఉంటే ఒక్కపూట పని. తీసిన టైళ్లు పారేయకండి. గేటు దగ్గర ఏదో ఒకటి పగులుతూనే ఉంటుంది, అదే రంగు మళ్లీ దొరకదు.